తలుపేసుకుని చేసే పని

పార్లరక్క చెయ్యి ఒకసారి ముఖానికి తగిలితే మళ్ళీ ఇంకో పార్లరు గడప తొక్కబుద్ధి కాదని ఆ వీధిలో ఆడవాళ్ళందరూ అనుకునేవారు. వెన్నలాంటి చేతులట. క్రీము రాస్తుంటే రాస్తున్నట్టే ఉండదట, కళ్ళు మూతలు పడిపోతాయట. ఒక స్కూలు టీచరమ్మ అయితే ఫేషియల్ కుర్చీలో గుర్రుపెట్టి నిద్రపోయి, లేచి, "నేనా? గురకా?" అని దబాయించి, తర్వాతిసారి వచ్చి మళ్ళీ గుర్రుపెట్టింది. ఆ చేతులు అంత మెత్తగా ఎలా ఉంటాయో ఇద్దరికే తెలుసు. ఒకరు పార్లరక్క, రెండోది ఆమె కూతురు. కట్టుకున్న మొగుడికి కూడా తెలియదు.

పార్లరుకి సెలవు ఉన్న రోజున షట్టరు దించేసి, వెనక గది తలుపు గడియపెట్టుకుని, తల్లీకూతుళ్ళిద్దరూ చెరో ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పోసుకుని కూర్చునేవారు. ముందు కాళ్ళు, తర్వాత చేతులు. వాళ్ళ అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ చర్మం పసుప్పచ్చగా, కాయలు కాసినట్టు పేరుకుపోయేది. వేళ్ళ వెంబడి చారలు చారలుగా లేచేది. అది నానాక బ్లేడుతో పైపొర గీకడం, తర్వాత గరుకు ఆకురాయి, ఆ తర్వాత నున్నటి ఆకురాయి, చివర క్రీము. గీకిన పొట్టుని కాగితంలో పొట్లం కట్టి, ఇంటి చెత్తబుట్టలో వేయకుండా వీధి చివర డబ్బాలో పారేసేవారు. అదయ్యాక జుట్టు పని. ఇద్దరిదీ గొర్రెపిల్ల మీద ఉన్నిలా చుట్టలు చుట్టుకుపోయే జుట్టు. మందు పెట్టి, వేడి పటకారుతో సాగదీసి, సాయంత్రానికి దాన్ని భుజాల మీద జలజలా జారేలా చేసేవారు. ఎంత చేసినా వారం తిరిగేసరికి మొత్తం మొదటికే వచ్చేది.

పెళ్ళైన కొత్తలో మొగుడు అడిగాడు, తలుపేసుకుని ఏం చేస్తావని.

"మాకు చేతులే పనిముట్లు కదండీ. వాటికి సర్వీసింగ్."

ఆయన ఎలక్ట్రీషియను. సర్వీసింగ్ అన్న మాట ఇట్టే అర్థమైపోయింది. భార్యకి పని మీద ఎంత శ్రద్ధో అని మురిసిపోయి, తన స్నేహితుల దగ్గర కూడా చెప్పుకున్నాడు. అమాయకుణ్ణి మోసం చెయ్యడం ఎంత తేలికో అంత పాపమని పార్లరక్కకి తెలియకపోలేదు. కానీ అలవాటైపోయింది.

ఈ విద్య ఆమెకి తల్లి దగ్గర్నుంచి వచ్చింది. తల్లి చేతులు మామూలువే. తండ్రివీ, అన్నవీ, తనవీ ఇలాంటివి. తండ్రి ఇళ్ళకి రంగులేసేవాడు కాబట్టి "పని చేసే చేతులు అలాగే ఉంటాయి" అంటే లోకం నమ్మేసింది. పిల్లలకి ఆ సాకు చెల్లలేదు. స్కూల్లో గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకునే ఆటలో పక్కపిల్ల ఆమె చెయ్యి పట్టుకోబోయి, చటుక్కున వదిలేసి, "ఛీ, ఆకురాయి" అంది. ఆ రోజు నుంచి స్కూలు వదిలేదాకా ఆమె పేరు ఆకురాయే. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి టబ్బులో నీళ్ళు పోసింది. "తలుపేసుకో, పని చేసుకో, నోరు మూసుకో. అప్పుడు నిన్నెవ్వరూ ఏమీ అనరు" అంది. ఆ మాట నిజమే అయింది, ఎవ్వరూ ఏమీ అనలేదు. చేతులు నున్నగా చేసుకోవడంలో అంత నేర్పు వచ్చాక పార్లరు పెట్టక ఏం చేస్తుంది?

కూతురు పుట్టగానే ఆ పసితల మీది ఉన్ని జుట్టు చూసి ఆమె గుండె జారిపోయింది. మొగుడేమో "మా అమ్మమ్మది ఉంగరాల జుట్టు, ఆవిడ పోలికే" అని సంబరపడ్డాడు. ఆమె అవునంది. పిల్ల నడక నేర్చి, అరికాళ్ళు మందమెక్కడం మొదలుకాగానే తన టబ్బు పక్కన చిన్న టబ్బు పెట్టుకుంది.

పిల్లకి నడక వచ్చిందంటే పరుగు వచ్చిందన్నమాటే. తండ్రి దాన్ని 'మీటరు' అని పిలిచేవాడు, ఒక్క క్షణం ఆగకుండా గిర్రున తిరుగుతుందని. హైస్కూలుకి వచ్చేసరికి గ్రౌండులో దాని ముందు పరిగెత్తే పిల్ల లేదు. తండ్రి ప్రతి పందేనికీ పని మానుకుని వెళ్ళి, గీత దగ్గర నిలబడి, దాంతోపాటు ఊపిరి బిగబట్టేవాడు. పరుగయ్యాక దానికంటే ఆయనే ఎక్కువ ఆయాసపడేవాడు.

అలాంటి పిల్ల ఒకరోజు సాధన చేస్తూ, మలుపు దగ్గర గుండెల మీద చెయ్యి వేసుకుని కూలబడి, పక్కకి ఒరిగిపోయింది. మాస్టారు పరిగెత్తుకొచ్చి ముఖాన నీళ్ళు కొట్టేసరికి కళ్ళు తెరిచింది. వీధిలో డాక్టరు చూసి, గుండె సంగతి నేను చెప్పలేను, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండని చీటీ రాశాడు.

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. రాత్రంతా ఏడ్చిన పార్లరక్క లేస్తూనే చేసిన మొదటి పని నీళ్ళు వేడిపెట్టడం. పిల్ల పడిపోయిందన్న దుఃఖం ఒక పక్క, డాక్టర్లూ నర్సులూ పిల్ల చేతులు పట్టుకు చూస్తారేమోనన్న భయం ఒక పక్క. ఆ రెండో భయమే గెలిచింది. పెళ్ళికూతుర్ని చేసినా అంత శ్రద్ధగా చెయ్యదు. వేలి సందులు కూడా వదల్లేదు. జుట్టు సాగదీసి, దువ్వి, పట్టుకుచ్చులా ముడేసింది.

"నీరసంగా ఉందమ్మా" అంది పిల్ల.

"అయిపోయింది, ఈ ఒక్క కాలూ. డాక్టరు దగ్గరికి అలా ఎలా వెళతాం?"

ఆసుపత్రిలో ఛాతీకీ చేతులకీ వైర్లు తగిలిస్తూ నర్సు, "ఎంత మెత్తటి చేతులమ్మా నీవి, పనేమీ చెయ్యవా ఇంట్లో?" అని నవ్వింది. పార్లరక్కకి అంత బాధలోనూ లోపల ఒక పక్క గర్వం కలిగింది. తర్వాత్తర్వాత అన్నిటికంటే ఎక్కువ ఆమెని కాల్చుకుతిన్నది ఆ గర్వమే.

గుండె డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. ప్రతి ప్రశ్నా అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే రాసుకునేది.

"మీ రెండు కుటుంబాల్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా? కళ్ళు తిరిగి పడిపోవడాలు, అలాంటివి?"

"మా వైపు ఎవరూ లేరండి" అన్నాడు తండ్రి. "మా నాన్న ఎనభై దాటి కూడా రోజూ నన్ను తిడుతున్నాడు."

డాక్టరమ్మ నవ్వి పార్లరక్క వైపు తిరిగింది.

"మా నాన్న నిచ్చెన మీంచి పడి పోయారండి, రంగులేస్తూ. మా అన్నయ్య నీళ్ళలో పడి పోయాడు. రెండూ ప్రమాదాలే."

ఆ రెండింట్లో మొదటిది సగం నిజం. రెండోది పచ్చి అబద్ధం. పెళ్ళి మాటలప్పుడు తల్లి నేర్పిన అబద్ధం అది, ఇన్నేళ్ళలో నోటికి అలవాటై, అడగ్గానే వచ్చేస్తుంది. అన్న సంగతి అసలేమిటో ముందుముందు ఆమే చెబుతుంది.

పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ, గుండె కండరానికి వాపు వచ్చిందనీ, ఏదో వైరస్ వల్ల అలా వస్తూంటుందనీ, చాలామందికి తగ్గిపోతుందనీ చెప్పింది. మందులు రాసింది. కొన్నాళ్ళు పరుగు మానెయ్యాలి. మళ్ళీ చూసి, అంతా బాగుంటే పరిగెత్తనిద్దామంది. తండ్రి ఆవిడకి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. పార్లరక్క కూడా పెట్టింది, నున్నటి చేతులతో.

మధ్యలో ఒకసారి రక్త పరీక్షకి రమ్మన్నారు. పిల్లని తీసుకుని తండ్రి లోపలికి వెళ్ళాడు. పార్లరక్క బయట బెంచీ మీద కూర్చుంది. పక్కన ఒక దర్జీ ఆవిడ, మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరచిపోయి వచ్చినట్టుంది. ఆవిడ ఒళ్ళో చిన్న ఆడపిల్ల బిస్కెట్టు తింటోంది. ఆ పిల్ల జుట్టు ఉన్ని బంతిలా తల చుట్టూ లేచి ఉంది. బిస్కెట్టు పట్టుకున్న చెయ్యి పసుప్పచ్చగా, మందంగా, వేళ్ళ వెంబడి చారలతో ఉంది. పార్లరక్క తన చేతులు తనకే తెలియకుండా సంచి కిందకి తోసేసింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"పాప చేతులకేమైందండీ?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

"పుట్టుకతో వచ్చిందండి" అంది దర్జీ ఆవిడ, దాచుకోవలసిందేమీ లేనట్టు. "నేనూ మొదట్లో దాచేదాన్ని. ఎండాకాలంలో కూడా గ్లవ్స్ కుట్టి తొడిగేదాన్ని. ఒకసారి జ్వరమని తీసుకెళితే కొత్త డాక్టరొకాయన గ్లవ్స్ విప్పమన్నాడు. చేతులు చూశాడు, జుట్టు చూశాడు, వెంటనే గుండెకి పరీక్ష చేయించమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. జ్వరమని తెస్తే గుండె అంటాడేంటని."

"చేతులకీ గుండెకీ ఏం సంబంధమండీ?"

"నేనూ అదే అడిగా. దర్జీదాన్ని కాబట్టి నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు మహానుభావుడు. మన ఒంట్లో కణాలన్నీ ఒకదానికొకటి కుట్టి ఉంటాయటండి. ఆ కుట్టుదారం ఒక రకం ప్రోటీను. మా దానికి ఆ దారం పుట్టుకతోనే నాసిరకం. ఎక్కడ లాగుడు ఎక్కువుంటే అక్కడ కుట్టు పిగులుతుంది. అరచేతులు, అరికాళ్ళు, ఇంకోటి ఇదిగో" అని పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసింది. "పిగిలినచోట చర్మం మందంగా మాసిక వేసుకుంటుంది. అది మనకి కనబడుతుంది. గుండె కూడా మాసిక వేసుకుంటుందట, కాని లోపల కదా, ఎవరు చూడొచ్చారు? ఆ మాసికల దగ్గర గుండె కొట్టుకునే కరెంటు దారి తప్పుతుందట. పరిగెడితే లాగుడు ఇంకా ఎక్కువ. ఒకోసారి ఉన్నట్టుండి ఆగిపోవచ్చట."

"మరి మందు?"

"దారం మార్చలేరటండి. కనిపెట్టుకుని ఉండొచ్చు, అవసరమైతే ఛాతీలో చిన్న మిషను పెడతారట. ముందు తెలియాలి కదా. చాలామందికి తెలియక, ఏదో వైరస్ వాపు అనుకుని వదిలేస్తారట. నా బిడ్డ చేతులు చూడబట్టి బతికింది." ఆవిడ పిల్ల మూతి తుడిచి, "మీ అమ్మాయికేంటండీ?" అంది.

"వైరస్" అంది పార్లరక్క.

దొంగకి తేలు కుట్టినట్టయింది ఆమె పని. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. నిచ్చెన మీద తన తండ్రి ఒక్కసారి గుండె పట్టుకుని, తర్వాతే జారాడని ఆ రోజు కింద నిలబడ్డ పనివాడు చెప్పాడు. తల్లి ఆ మాట ఎవ్వరినీ ఎత్తనివ్వలేదు. ఆ తర్వాత అన్న. ఇప్పుడు పిల్ల. డాక్టరు చూడవలసిందంతా తన చేత్తోనే గీకి, పొట్లం కట్టి, వీధి చివర పారేసింది. అక్కడికక్కడ లేచి, లోపలికి వెళ్ళి, నాలుగు ముక్కలు చెబితే సరిపోయేది. లేవలేదు. లోపల మొగుడున్నాడు. ఆయన ముందు ఏమని చెబుతుంది? చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. పోయేది ఎవరి ప్రాణమో తెలిసి కూడా ఆ బెంచీ మీద అలా కూర్చునే ఉంది. తల్లిని కానా నేను అని తనని తాను తిట్టుకుంది, అయినా లేవలేదు.

ఇంటికొచ్చే దారిలో ఒక ఉపాయం తట్టింది. పిరికివాళ్ళకి ఉపాయాలు తొందరగా తడతాయి. ఇకమీదట గీకడం మానేస్తే సరి. పిల్ల పరిగెత్తొచ్చో లేదో తేల్చే రోజుకి చేతులు వాటంతటవే మందమెక్కుతాయి, డాక్టరమ్మే చూస్తుంది, ఆవిడే అడుగుతుంది, ఆవిడే కనిపెడుతుంది. తను నోరు విప్పక్కర్లేదు. అన్యాయంగా పిల్లవి మాత్రమే వదిలెయ్యడం మనసొప్పక తన చేతులు కూడా వదిలేసింది.

"అమ్మా, బ్లేడు ఎక్కడ పెట్టావ్?" అంది పిల్ల ఆ సెలవు రోజున.

"ఈసారి వద్దులే. చర్మానికి కాస్త విశ్రాంతి ఇద్దాం."

"అదేంటి? ఒక్క వారం మానితే ఊరంతా తెలుస్తుందన్నావుగా?"

"ఇప్పుడు వద్దంటున్నానుగా."

పిల్ల పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలెట్టింది. స్నేహితురాళ్ళు వస్తే గుప్పిట్లు విప్పేది కాదు. ఒకనాడు చదువు బల్ల దగ్గర తన రెండు చేతుల మీదా తనే కూర్చుని, ముక్కుతో పుస్తకం పేజీ తిప్పబోతూ కనబడింది. పార్లరక్కకి నవ్వు రాలేదు.

పార్లరులో గిరాకీలకి కూడా తేడా తెలిసిపోయింది. గురక టీచరమ్మకి ఈసారి నిద్ర పట్టలేదు. "అక్కా, చెంప మీద ఏదో గీసుకుంటోంది, బ్రష్షా?" అంది కళ్ళు మూసుకునే. ఆ బ్రష్షు తన అరచెయ్యేనని ఆమె చెప్పలేకపోయింది. రబ్బరు తొడుగులు వేసుకుంది. ఇంట్లో కాఫీ కప్పు అందుకుంటూ మొగుడు ఆమె వేళ్ళు చూసి, "ఏంటి, సర్వీసింగ్ మానేశావా?" అన్నాడు.

"కొత్త సబ్బు పడలేదండి."

"ఆ సబ్బు పారెయ్" అన్నాడాయన. సాయంత్రం వస్తూ వేరే సబ్బు తెచ్చి పెట్టాడు. ఆమెకి తలకొట్టేసినట్టయింది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు వచ్చింది. పొద్దున పిల్ల స్నానాలగదిలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. తలుపు కొడితే వస్తున్నానంది. వచ్చింది. జుట్టు పట్టుకుచ్చులా జారుతోంది. చేతులు నున్నగా, గులాబీరంగులో, క్రీము వాసనేస్తున్నాయి. వేలి సందులు కూడా వదల్లేదు. మడమ దగ్గర మాత్రం బ్లేడు లోతుగా దిగినట్టుంది, దూది అంటించుకుంది, అందులోంచి ఎర్రగా కనబడుతోంది.

"ఎందుకు చేశావే?" అంది పార్లరక్క.

"డాక్టరు దగ్గరికి అలా ఎలా వెళతాం?" అంది పిల్ల.

గురువుకి తగ్గ శిష్యురాలు. బయట మొగుడు బండి హారను కొడుతున్నాడు.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ మళ్ళీ చేశారు. డాక్టరమ్మ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది. వాపు తగ్గింది, రక్తం బాగుంది, గుండె బాగానే కొట్టుకుంటోంది అంది. తండ్రి కుర్చీలో ముందుకి జరిగాడు.

"మళ్ళీ పందెం ఎప్పుడు?" అని పిల్లని అడిగింది ఆవిడ నవ్వుతూ.

"వచ్చే వారమండి" అంది పిల్ల. కళ్ళు మెరిశాయి. "నన్ను జట్టులో ఉంచారు."

డాక్టరమ్మ కలం అందుకుంది. పిల్ల తన నున్నటి చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. ఆవిడ వాటి వైపు చూసింది కూడా. చూడ్డానికేమీ లేదక్కడ. పార్లరక్క గుప్పిట్లు బిగించుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికెళ్ళాక ఫోనులో చెబుదాం అనుకుంది. ఆయన లేనప్పుడు చెబుదాం. పందెం ఇంకా వారం ఉంది కదా. కలం కాగితానికి ఆనింది.

"ఆగండి మేడమ్" అంది.

అని రెండు చేతులూ విప్పి బల్ల మీద వెల్లకిలా పెట్టింది. పసుప్పచ్చటి బీటలు, వేళ్ళ మీద చారలు, బొటనవేలి మొదట్లో కాయలు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. పెళ్ళై ఇన్నేళ్ళైనా మొగుడికి ఎప్పుడూ ఇలా విప్పి చూపించని చేతులు అవి.

"ఇవి నా అసలు చేతులండి. దానివీ ఇలాంటివే. ఇక్కడికి తెచ్చిన ప్రతిసారీ నేనే గీకి తెచ్చాను. ఇవాళ అదే గీక్కుంది. జుట్టు కూడా అసలుది కాదు, ఉన్నిలా ఉంటుంది."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. ఆమె అరచెయ్యి పట్టుకుని, వెలుగులోకి తిప్పి, బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. ఆ స్కూలు ఆట తర్వాత ఆ చేతిని ఆ స్థితిలో తల్లి తప్ప ఇంకొకరు పట్టుకోవడం అదే మొదటిసారి.

"మీ ఇంట్లో ఇంకా ఎవరికున్నాయి ఇలా?"

"మా నాన్నకి. అన్నయ్యకి."

"అన్నయ్య నీళ్ళలో పడి పోయాడన్నారు."

"లేదండి."

"నీళ్ళలో పడే పోయాడన్నావు" అన్నాడు మొగుడు. గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది. ఆమె ఆయన వైపు చూడలేకపోయింది. పక్కన పిల్ల భయపడి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని గట్టిగా పట్టుకుని, బల్ల వైపు చూస్తూ చెప్పింది.

"స్నేహితుల్తో పందెం వేసుకుని పరిగెత్తాడండి. వీధి మలుపులో పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. నాకప్పుడు దీనికంటే చిన్న వయసు. చుట్టాలంతా వస్తున్నారని తెలిసి మా అమ్మ తలుపు గడియపెట్టింది. నన్ను నీళ్ళు కాచి తెమ్మంది. అందరూ వాడి చేతులు పట్టుకుని ఏడుస్తారు, వాళ్ళకి తెలియకూడదు అంది. వాడి చేతులూ కాళ్ళూ నానబెట్టి గీకింది. గిన్నె నేనే పట్టుకున్నాను. నీళ్ళు చల్లారితే మళ్ళీ కాచి తెచ్చాను. ఎప్పుడూ బ్లేడు తగిలితే వాడు అబ్బా అని చెయ్యి లాక్కునేవాడండి. అమ్మ కసురుకునేది. ఆ రోజు లాక్కోలేదు. బయట తలుపు కొడుతున్నారు. అమ్మ ఏడవలేదు, పని పూర్తి చేసి, క్రీము రాసి, అప్పుడు తలుపు తీసి, అప్పుడు ఏడ్చింది."

మొగుడు రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. తను తెచ్చిన సబ్బు గుర్తొచ్చిందేమో, పార్లరక్కకైతే అదే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ రాయబోయిన కాగితాన్ని చింపేసి కొత్తది తీసుకుంది. పరుగు వద్దు, పందెం వద్దు, ఇవాళ్టి నుంచే అంది. డెస్మోప్లాకిన్ అని ఒక ప్రోటీను పేరు చెప్పింది. చర్మంలోనూ గుండెలోనూ కణాల్ని దారంలా కుట్టి పట్టి ఉంచేది అదేననీ, అందులో లోపముంటే గుండెకి వచ్చే వాపు అచ్చం వైరస్ వాపులాగే ఉంటుందనీ, అందుకే తను మోసపోయాననీ చెప్పింది. మోసపోయాను అన్న మాట ఆవిడ మామూలుగానే అంది. పార్లరక్కకి అది చెంపదెబ్బలా తగిలింది. ఇద్దరికీ జన్యు పరీక్ష, ఇద్దరికీ గుండె స్కానింగు చేయాలంది ఆవిడ.

"ఇద్దరికీనా?" అన్నాడు మొగుడు.

"ఆవిడ గుండె కూడా అదే దారంతో కుట్టింది కదండీ" అంది డాక్టరమ్మ.

తన గుండె సంగతి పార్లరక్కకి అప్పటిదాకా తట్టనే లేదు. ఇప్పుడు తట్టినా అది పెద్ద సంగతిగా అనిపించలేదు. పిల్ల తన వైపే చూస్తోంది. ఏడవడం లేదు. జట్టు పోయింది, పందెం పోయింది, ఇక పరుగే పోయింది. దాన్ని గురించి అడుగుతుందనుకుంది, తిడుతుందనుకుంది, తిడితే బాగుండుననుకుంది.

"అమ్మా" అంది పిల్ల. "ఆ రోజు నేను గ్రౌండులోనే పోయి ఉంటే నాక్కూడా అలాగే చేసేదానివా?"

లేదమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అబద్ధాలు ఆమెకి అడగ్గానే వస్తాయి. కానీ వెనక గది కళ్ళకి కట్టినట్టు కనబడింది. టబ్బు ఎక్కడుందో, బ్లేడు ఏ డబ్బాలో ఉందో, ఏ చేత్తో గడియ పెట్టేదో అంతా కనబడింది. బయట తలుపు కొట్టేది ఎవరో కూడా తెలిసింది. ఆయనే.

"చేసేదాన్నే" అంది.

పిల్ల తన చెయ్యి లాక్కుంది. పార్లరక్క కసురుకోలేదు, వదిలేసింది.